అత్తయ్య తుంటి, నా వైవా

ఏదో విరిగిందన్న అనుమానం మా ఇంట్లో అందరికీ వచ్చాక, ఆఖరున వచ్చింది నాకే. ఆ ఇంట్లో ఫిజియోథెరపీ చదువుతున్నదాన్నీ నేనే. ఇప్పుడు రాజమండ్రిలో నాకంటూ ఒక గది ఉంది, తలుపు మీద పేరుంది, నడుములూ మెడలూ పట్టేసినవాళ్ళు వచ్చి "మీ చెయ్యి మంచిదండీ" అని వెళ్తుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూస్తాను. మా అత్తయ్య విషయంలో ఈ చెయ్యి ఎంత మంచిదో వాళ్ళకి తెలియదు కదా. మీకు చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, ఏమీ అనుకోను. నాకు మాత్రం నవ్వు రావడానికి చాలా కాలం పట్టింది.

మాది తుని. సీటు రాజమండ్రిలో వచ్చింది. హాస్టల్లో ఉంటే పిల్ల చిక్కిపోతుందని మా మేనత్త వరలక్ష్మి నన్ను కడియంలో తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. అత్తయ్యకీ, మా మావయ్య సూర్యారావుగారికీ అక్కడ గులాబీ నర్సరీ ఉంది. లారీలూ, బేరాలూ మావయ్యవి. మొక్కలు అత్తయ్యవి. అరవైకి దగ్గరపడిన మనిషి, మొక్కల వరసల మధ్య నడుస్తుంటే పక్కన నేను పరుగెత్తాల్సి వచ్చేది. వాళ్ళకి పిల్లల్లేరు. అందుకని ఆ ఇంట్లో నేను ఏమంటే అది చెల్లేది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే ఎక్కువైనట్టే. సరిగ్గా అదే కొంప ముంచింది.

ఫస్ట్ ఇయర్లో మాకు అనాటమీ. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎక్కువగా హిప్ జాయింట్, అదే తుంటి కీలు, అడుగుతారని సీనియర్లు బెదిరించారు. బెదిరించిన పాపానికి ఒక సీనియరు అసలు ఎముకలే అరువిచ్చింది, ఒక కటి ఎముక, ఒక తొడ ఎముక. గుడ్డసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాను. అత్తయ్య సంచి విప్పి చూసి, వెంటనే మూసేసి, దణ్ణం పెట్టింది.

"ఎవరివే ఇవి?"

"ఎవరివైతే ఏంటి అత్తయ్యా, చదువుకోడానికి."

"పాపం, ఆయనకి ఇల్లూ వాకిలీ ఉండే ఉంటాయి. వంటింటి వైపు మాత్రం తేకు."

ఆ రోజు లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారు. నేను అరుగు మీద కూర్చుని బట్టీ పడుతున్నాను. లారీకి వేసిన బల్ల మీంచి దిగుతూ అత్తయ్య తడికాలు జారి, కుడిపక్కకి, ధబ్బుమని పడింది. పుస్తకంలో పేజీ పోకుండా వేలు పెట్టుకునే నేను పరుగెత్తాను. ఆ వేలు చూస్తే చాలు మీకు, అప్పట్లో నేనెలాంటిదాన్నో. అయ్యో అత్తయ్య పడిందే అని గుండె ఝల్లుమన్న మాట నిజం. ఆ పక్కనే ఇంకో మాట కూడా మెదిలింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్తాను. పడితే పడింది, సరిగ్గా నా సిలబస్ మీద పడింది!

"ఎక్కడ నొప్పి?"

"పడింది తుంటి మీదే. నొప్పి మాత్రం మోకాల్లో పీకుతోంది."

రోగం మొత్తం ఆ ముక్కలోనే ఉంది. అత్తయ్య నాకు జవాబు చేతికిచ్చింది. నేను దాన్ని పక్కన పెట్టి మోకాలు నొక్కి చూశాను. మోకాలు శుభ్రంగా ఉంది. వాపు లేదు, కమలడం లేదు.

మావయ్య చెప్పులేసుకుంటూ వచ్చారు. "కారు తీయిస్తాను. రాజమండ్రి వెళ్ళి ఫోటో తీయిద్దాం."

"ఆగండి మావయ్యా. ప్రతిదానికీ ఎక్స్‌రే ఏంటి? అత్తయ్యా, ఒకసారి లేచి నించో."

అత్తయ్య నా భుజం పట్టుకుని, పళ్ళు బిగించి, లేచి నించుంది.

"చూశారా? నించుంది!" అన్నాను, నేనే ఆవిణ్ణి తయారుచేసినట్టు.

ఆ సాయంత్రం ముందుగదిలో నా మొదటి ఉపన్యాసం. అత్తయ్య మంచం మీద, మావయ్య కుర్చీలో, గుమ్మంలో గులాబీలు అంటుకట్టే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు. నేను సంచిలోంచి ఎముకలు తీశాను. తొడ ఎముక తలకాయని కటి ఎముక గిన్నెలో కూర్చి తిప్పి చూపించాను. అంటుకట్టే ప్లాస్టిక్ టేపు అడిగి తీసుకుని, గిన్నె అంచు నుంచి ఎముక మెడ మీదుగా మెలితిప్పి చుట్టాను.

"ఇవీ లిగమెంట్లు, ఎముకని ఎముకకి కట్టే పట్టీలు. బయట మూడు. ముందు వైపున్న దీన్ని ఇలియోఫిమోరల్ అంటారు. చీలిన కొమ్మలా ఉంటుంది. ఒంట్లో దీన్ని మించిన గట్టి లిగమెంటు ఇంకోటి లేదు. కింద ప్యూబోఫిమోరల్, కాళ్ళు మరీ దూరంగా చాచకుండా పట్టుకుంటుంది. వెనక ఇస్కియోఫిమోరల్. మనం కూర్చుంటే ఈ మూడూ వదులవుతాయి. నించుంటే మెలి బిగుసుకుని తలకాయని గిన్నెలోకి అదిమి పట్టేస్తాయి. అందుకే మనం గంటలకొద్దీ నించున్నా తొడ కండలు అలిసిపోవు. ఈ లిగమెంట్లకి వేలాడుతూ నించుంటామన్నమాట."

"అబ్బో" అంది గుమ్మంలో ఒకావిడ.

ఆ "అబ్బో" నా తలకెక్కింది. "కాబట్టి ఇది ఒట్టి బెణుకు. కాలు ముడుచుకుని పడుకుంటే లిగమెంట్లు వదులైపోతాయి. తిన్నగా నించోవాలి. నడవాలి. నడిచినకొద్దీ బిగుస్తాయి."

మావయ్య ఆ టేపు చుట్టిన ఎముక వంక చాలాసేపు చూశారు. "అమ్మా, తాడు గట్టిదే, కాదనను. లోపల కర్ర విరిగితేనో?"

"మావయ్యా, విరిగితే నించోగలదా?"

ఆయన అత్తయ్య వంక చూశారు. అత్తయ్య నా వంక చూసి, "పిల్ల చదువుకుంది కదండీ" అంది. అంతటితో కేసు మూసేశారు.

మర్నాటి నుంచి మొదలైంది. మోకాలికి తొడుగు కొనుక్కొచ్చి వేశాను. పొద్దున్నా సాయంత్రం నర్సరీలో గులాబీ తొట్ల మధ్య ఈ చివర నుంచి ఆ చివరికి నడక. పక్కన నేను, చేతిలో పుస్తకం. ఆవిడ అడుగేస్తుంటే నేను పైకి చదివేదాన్ని. "ఎక్స్‌టెన్షన్లో టైట్... ఫ్లెక్షన్లో లూజ్..." మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు ఏదో మంత్రం అనుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బానే ఉందే."

"నొప్పి తగ్గిందా?"

"తగ్గినట్టే ఉంది."

ఆవిడ చెమట చూసి ఎండనుకున్నాను. మధ్యమధ్య తొట్టి అంచు పట్టుకుని ఆగితే, మొక్క చూస్తోందనుకున్నాను. అన్నం దగ్గర కింద కూర్చోడం మానేసి నించునే తింటుంటే, చూశారా, నా మాట ఎంత శ్రద్ధగా పాటిస్తోందో అని మురిసిపోయాను. కూర్చోలేక నించుందన్న ఆలోచన రాలేదు. రాత్రుళ్ళు మావయ్య లేచి ఆవిడ కాలు కింద దిండు సర్దుతున్నారని కూడా నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఇంతలో వైవా రోజు వచ్చింది. బయల్దేరేటప్పుడు అత్తయ్య గుమ్మం దాకా నడిచొచ్చి, నుదుట బొట్టు పెట్టి, "నా కాలు మీద బాగా చదివావు, బాగా చెప్పు" అని పంపింది.

ఎగ్జామినరుగారు వేరే ఊరి నుంచి వచ్చిన పెద్దాయన. మెత్తటి గొంతు. బల్ల మీద ఎముకలు పెట్టి, "హిప్ జాయింట్ చెప్పమ్మా" అన్నారు. నేను చెప్పాను. గొప్పలు కాదు కానీ గిన్నె లోతు, గిన్నె అంచున ఉన్న మృదులాస్థి చుట్టు, మూడు లిగమెంట్లూ ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటాయో, ఏ కదలికకి ఏది బిగుస్తుందో, లోపల తలకాయ గుంటలో దారంలా ఉండే చిన్న లిగమెంటుతో సహా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి విన్నారు.

"బావుందమ్మా. ఆఖరి ప్రశ్న. ఒక పెద్దావిడ పక్కకి పడింది. మోకాలు నొప్పంటోంది. నడుస్తోంది. ఏం చేస్తావు?"

ఇంత తేలిక ప్రశ్నా అనుకున్నాను. "మోకాలు చూస్తాను సార్."

"చూశావు. బాగానే ఉంది. తర్వాత?"

"తొడుగు వేస్తాను సార్. తుంటి దగ్గర లిగమెంట్ బెణికి ఉంటుంది కాబట్టి నించోబెట్టి నడిపిస్తాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తుంటికి వెళ్ళే నరమే మోకాలికీ ఒక కొమ్మ ఇస్తుంది కదమ్మా. దెబ్బ పైన తగిలితే నొప్పి కింద తెలియొచ్చు. పెద్దవాళ్ళలో తొడ ఎముక మెడ దగ్గర విరిగి, ఆ ముక్కలు ఒకదాన్లో ఒకటి దిగబడి ఉండిపోతాయి ఒక్కోసారి. అందుకే నించుంటారు. నడుస్తారు కూడా, ముక్కలు జారిందాకా. జారితే ఏమవుతుంది?"

నేను బల్ల మీది తొడ ఎముక మెడ వంక చూశాను.

"పుస్తకంలో ఉంది కదమ్మా."

ఉంది. ఎముక మెడని అంటుకుని పైకి పాకే సన్నటి రక్తనాళాలు తెగిపోతాయి. తలకాయకి రక్తం అందక అది లోపలే చచ్చిపోతుంది. ఆ మనిషి నడక అక్కడితో సరి. ఆ పేరా నాకు కామాలతో సహా వచ్చు. ఆ పేరాలో గులాబీల మధ్య చెమటలు కక్కుతూ నడుస్తున్నది మా అత్తయ్యేనని మాత్రం అప్పుడే తెలిసింది.

"సార్, ఆవిడ నడుస్తోంది సార్."

"అవునమ్మా, నేనూ అదే అన్నాను. నడుస్తోంది అనుకో..."

"అనుకోడం కాదు సార్. కడియంలో. ఇప్పుడు."

ఆయన ముందుకి వంగారు.

"ఎవరు నడిపిస్తున్నారు?"

"నేనే సార్."

ఆయన తిట్టలేదు. "లే. బయటికెళ్ళి ఫోన్ చెయ్యి. ఏడవడం తర్వాత" అన్నారు.

వరండాలోకి పరుగెత్తాను. ఫోన్ అత్తయ్యే తీసింది.

"అయిపోయిందా? బాగా చెప్పావా?"

"ఎక్కడున్నావు అత్తయ్యా?"

"తోటలోనే. నువ్వు చెప్పినట్టే నడుస్తున్నా."

"ఆగు! అడుగు తీసి అడుగు వెయ్యకు!"

"ఆగాను."

"కుడికాలి మీద బరువు పెట్టకు!"

"ఒంటికాలి మీద నించోమంటావా ఏంటే, కొంగలాగా?"

"ఏదో ఒకటి పట్టుకో అత్తయ్యా, నీకు దణ్ణం పెడతాను!"

"ఇక్కడ పట్టుకోడానికి గులాబీలే ఉన్నాయి. అన్నీ ముళ్ళు. ఇంతకీ ఏమైంది? ఫెయిలయ్యావా?"

"ఫెయిలే అత్తయ్యా. మావయ్యని పిలు. గట్టిగా పిలు."

ఆవిడ పిలిచిన పిలుపు ఫోన్ లేకపోయినా రాజమండ్రికి వినపడేదే. మావయ్య వచ్చారు. విషయం చెప్పాను. ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "సరేనమ్మా" అని పెట్టేశారు. నవారు మంచం తెచ్చి తొట్ల మధ్యనే వేసి, అంటుకట్టే ఆడవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి ఆవిణ్ణి దాని మీద పడుకోబెట్టారట. కారులో కాలు ముడవాల్సి వస్తుందని, మంచంతో సహా మొక్కల వ్యానులో ఎక్కించారు. ఎండ తగలకుండా పైన మొక్కలకి కట్టే పచ్చ వల కట్టారు. రాజమండ్రిలో ఆసుపత్రి ముందు వ్యాను ఆగేసరికి, అప్పటికే దింపాల్సిన గులాబీ మొక్కలు సగం అందులోనే ఉన్నాయి. వాటి మధ్య పడుకుని మా అత్తయ్య, "పువ్వులన్నీ వాడిపోతున్నాయి, కాస్త నీళ్ళు చల్లించండి" అంటోంది. గేటు దగ్గర జనం, ఎవరో పోయారనుకుని చేతులు జోడించారు. నేను తెల్లకోటుతో, ఆ జనంలో నించుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరుగారు దాన్ని వెలుతురుకి పట్టుకుని ఒక చోట వేలు పెట్టారు.

"మెడ దగ్గర విరిగింది. ముక్కలు దిగబడి ఉన్నాయి, ఇంకా జారలేదు. పడింది ఇవాళేనా?"

"కాదండి. కొన్ని రోజులైంది" అన్నారు మావయ్య.

"అప్పట్నుంచీ నడుస్తున్నారా! నడవమన్నది ఎవరు?"

"ఎవరూ అనలేదండి" అంది అత్తయ్య చటుక్కున. "నాకే కుదురుండదు."

మావయ్య అబద్ధం ఆడలేరు. అత్తయ్య మాట కాదనలేరు కూడా. అందుకని తలెత్తి ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయారు.

"నేనే సార్" అన్నాను. "ఫిజియోథెరపీ ఫస్ట్ ఇయర్."

ఆయన నా కోటు చూశారు, ఏడ్చి ఉబ్బిన మొహం చూశారు. "ఇంకో నాలుగడుగులు నడిచి ఉంటే స్క్రూలు కాదు, తలకాయే మార్చి ఇనపది పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడైనా హామీ ఇవ్వలేను. రక్తం అందుతోందో లేదో కొన్ని నెలలు పోతే గానీ తెలియదు" అన్నారు. మెల్లగానే అన్నారు. అరిచినా బాగుండేది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నేనూ మావయ్యా బయట బల్ల మీద కూర్చున్నాం. నన్ను ఎన్నైనా అంటారని ఎదురుచూశాను. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నేల వంక చూస్తూ, "నాదే పొరపాటమ్మా. ఆ రోజే కారు తీయాల్సింది. నువ్వు చిన్నపిల్లవి, నేను పెద్దవాణ్ణి కదా" అన్నారు. నాకు తెలిసిన లిగమెంట్లన్నీ ఆ మాటకి ఒక్కసారే వదులైపోయాయి. ఆయన భుజం మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

స్క్రూలు వేశారు. ఇంటికి వచ్చాక ఆవిడకి మంచం దగ్గర అన్నీ నేనే చూసుకున్నాను, కసరత్తు తప్ప. దానికి మా కాలేజీ మేడమ్ ఒకావిడ వచ్చేవారు. నాకు ఆ గదిలో గోడ దగ్గర నించోడానికి మాత్రం అనుమతి ఉండేది. ఒక మధ్యాహ్నం అత్తయ్య జుట్టు దువ్వుతూ అడిగాను.

"అంత నొప్పి పెట్టుకుని ఒక్కసారైనా చెప్పలేదేంటి?"

"చెప్తే నువ్వు ఇంకో ఎముక తెచ్చి ఇంకో గంట చెప్తావని భయమేసింది."

నేను నవ్వలేదు. దువ్వెన ఆగిపోయింది. ఆవిడ నా చెయ్యి వెనక్కి వెతుక్కుని పట్టుకుంది.

"నిజం చెప్పనా? నాకూ తెలుసే, ఏదో తేడాగా ఉందని. కానీ నువ్వు ఆ బొమికలు పట్టుకుని అంతమందిలో చెప్తుంటే ఎంత బాగుందో. మన ఇంట్లో పిల్ల అలా నించుని మాట్లాడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు. నొప్పంటే అది తప్పయిపోతుంది కదా. పరీక్ష అయ్యేదాకా ఓర్చుకుందామనుకున్నా."

నేను మళ్ళీ దువ్వెన తీసుకుని, చిక్కు తీసి, ఆవిడకి జడ వేశాను.

మళ్ళీ ఎక్స్‌రే, మళ్ళీ ఎక్స్‌రే. ప్రతిసారీ డాక్టరుగారు ఫిల్ము పైకెత్తే ఆ క్షణం నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఆఖరికి ఒక రోజు ఆయన "తలకాయ బతికింది. ఇంక మీ ఇష్టం వచ్చినట్టు నడవండమ్మా" అన్నారు. అత్తయ్య ఆసుపత్రి మెట్లు దిగుతూ, "ఈసారి పుస్తకం చదవకుండా నడుద్దాం" అంది. వైవా సంగతంటారా, పాసయ్యాను. ఎగ్జామినరుగారు ఏ మనసుతో వేశారో ఆ మార్కులు, నేనెప్పుడూ అడగలేదు.

ఇదంతా జరిగి నేను డిగ్రీ తీసుకుని, బోర్డు కట్టుకున్నాక, మొన్నామధ్య మావయ్య మోకాలు పట్టుకుని కుంటుతూ వచ్చారు, వెనకాలే అత్తయ్య. "మెట్టు మీద కాస్త మడత పడిందమ్మా. మోకాలు నొప్పి" అన్నారు. ఆ మాట చెవిన పడిందే తడవు, నేను ఆయన్ని కుర్చీతో సహా ఎత్తించి, కాలు కదపనివ్వకుండా, అడిగినవాళ్ళకి జవాబు చెప్పకుండా తీసుకెళ్ళి తుంటికి ఎదర నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీయించాను. డాక్టరుగారు చూసి, "తుంటి వజ్రంలా ఉంది. మోకాలు చూశావా?" అని అడిగారు.

చూళ్ళేదు. మోకాలిచిప్ప పక్కన నిమ్మకాయంత వాపు. చిన్నపిల్లలకి కూడా కనపడేంత వాపు.

మావయ్య నా మొహం చూసి, "పోన్లే అమ్మా, ఈసారి ఏదీ విరగలేదు కదా" అన్నారు. అత్తయ్య మాత్రం పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతూ గది బయటికి వెళ్ళిపోయింది.

అందుచేత చదువుతున్న మీ అందరి ఎదుటా, ఒంట్లో ఉన్న లిగమెంట్లన్నింటి మీదా ఒట్టేసి చెప్తున్నాను. మోకాలు నొప్పన్నవాళ్ళకి తుంటి కూడా చూస్తాను. తుంటి కూడా చూస్తూ మోకాలు మర్చిపోను. ఇక నొప్పే లేదు, బానే ఉంది, తగ్గినట్టే ఉంది అనేవాళ్ళుంటారే, వాళ్ళని ఒక్క అడుగు కూడా వేయించకుండా, ఎదురుగా కూర్చుని, నిజం చెప్పిందాకా అడుగుతూనే ఉంటాను.